ఒక్క లైను తక్కువ

సర్వర్ల గది పక్కనున్న చిన్న గది. తలుపు మూసి ఉంది. లోపల బావా, బావమరిదీ.

“ముందు ఆ స్క్రూడ్రైవరు అవతల పెట్టరా. మాట్లాడుకుందాం.”

“మాటల్లేవు బావా. పాస్ అని కొట్టు. నా కోడు ఇవాళ సిస్టం కెర్నెల్లోకి వెళ్లకపోతే రేపు నా ఉద్యోగం ఊడుతుంది.”

“తప్పుంటే ఎలా కొట్టమంటావు? ప్రోగ్రాముల్ని గ్రూపులు చేసి, ఒక్కో గ్రూపూ నెట్‌వర్కుకి ఇంతే మెమరీ వాడాలని హద్దు పెట్టావు. బావుంది. కొత్త కనెక్షనుకి సాకెట్ తెరవగానే దాని మెమరీ గ్రూపు లెక్కలో వేస్తున్నావు. మూశాక?”

“తీసేస్తున్నాగా!”

“అవతలివాడు మధ్యలో తెంపేస్తే తియ్యట్లేదు. ఆ దారిలో ఒక్క లైను తక్కువైంది. పోనుపోను, గ్రూపు ఖాళీగా ఉన్నా నిండిపోయినట్టే లెక్క. ఇంక కొత్త సాకెట్ ఒక్కటీ తెరుచుకోదు, కొత్తగా ఏదీ కలవదు.”

“ఒక్క లైను! ఒక్క లైను కోసం సొంత బామ్మర్ది కడుపు కొడతావా? పొద్దుట్నుంచి ఓ పెద్ద మిషను మీద నిక్షేపంగా నడుస్తోంది!”

“ఎక్కించేశావా? పాస్ కాకుండానే? ఏ మిషను?”

“ఏదైతే నీకెందుకు! కొట్టు!”

“మీ అక్క మొహం చూసి ఇన్నాళ్లూ ఓర్చుకున్నా... ఒరేయ్, చెయ్యి, చెయ్యి వదులు! అమ్మా! వేలు విరిగిందిరా!”

“ఇంకా తొమ్మిదున్నాయి. కొట్టు!”

“కొట్టను. ఏం చేస్తావు, చంపుతావా? చంపు.”

“చంపుతా! మా ఇంటి అల్లుడివని ఊరుకున్నా! చంపుతానంటే చంపుతా!”

“ఆఁ! తొడ... ఒరేయ్, పీకకు, అలాగే ఉంచు, పీకితే...”

“అయ్యో. అయ్యో బావా. ఇంత రక్తమేంటి బావా?”

“పీకొద్దన్నానుగా! చొక్కా విప్పు. కట్టు. గట్టిగా, సచ్చినోడా, ఇంకా గట్టిగా!”

“బెదిరిద్దామనే బావా, నీ మీదొట్టు. కోపంలో దిగిపోయింది. అక్కకేం చెప్పను?”

“అది తర్వాత ఏడుద్దువుగానీ అంబులెన్సుకి ఫోన్ చెయ్యి.”

“సెల్లు గేటు దగ్గర పెట్టించుకున్నారుగా!”

“నాదీ అక్కడే. గోడ మీది ఫోనుందిగా!”

“చేస్తున్నా... చేస్తున్నా... కలవట్లేదు బావా. కుయ్‌మని తెగిపోతోంది.”

“మళ్లీ చెయ్యి.”

“చేశా. మళ్లీ చేశా. దీని దుంపతెగ! నేనే మోసుకెళ్తా, నా మెడ పట్టుకో. అదేంటి, తలుపుకి కార్డు పెడితే ఎర్ర లైటొస్తోంది? తెరుచుకో! తెరుచుకోవే!”

“తన్నకు, అది ఇనుపది. ఇందాక నువ్వొచ్చినప్పుడు తెరుచుకుందిగా?”

“బానే తెరుచుకుంది బావా.”

“కరెంటుంది. ఫోనూ బతికే ఉంది. కొత్తగా ఏదీ కలవట్లేదంతే... ఒరేయ్, ఇటు చూడు. నా కళ్లు మూతలు పడుతున్నాయి. ఇప్పుడైనా నిజం చెప్పు. పొద్దున నీ కోడు ఎక్కించింది ఏ మిషను మీద?”

“ఈ బిల్డింగుదే బావా. ఫోన్లూ, తలుపులూ అన్నీ ఒకే గ్రూపులో పెట్టాను.”