చేప ఆకారపు రొట్టె

మొగుళ్ల నుంచి పారిపోయి వచ్చిన ఆడవాళ్లు తలదాచుకునే నార్వేలోని ఓ బెర్గెన్ ఇంటి వంటగదిలో ఇద్దరు ఉద్యోగినులు కూర్చున్నారు. చిన్నామె కాఫీ చల్లారిపోయింది.

"విరాళాల కోసం మన దగ్గరుంటున్న తూవా కథ ఏఐతో రాయించావా?"

"అవునక్కా. పేరూ ఊరూ తీసెయ్యమంటే తీసేసింది. చదివి ఏడ్చాను కూడా."

"ఏడ్చావు సరే, పోస్ట్ చేసే ముందు తూవాకి చూపించావా?"

"పేరే లేదు కదా అని..."

"అందులో కూతురికి చేప ఆకారంలో ఏలకుల రొట్టె చేస్తుందని ఉందిగా! అది చదివి పొద్దున తూవా మొగుడు ఇక్కడికే ఫోన్ చేశాడు. చేప రొట్టె కాలిందా అని అడిగాడు."

"అయ్యో! తూవా?"

"పెట్టె సర్దుకుంటోంది. మళ్లీ వేరే ఊరు."

"పాప?"

"బళ్లో ఇప్పుడిప్పుడే ఒక స్నేహితురాలు దొరికింది. ఆ స్నేహితురాలికి చెప్పకుండానే వెళ్లాలని పాపకి నువ్వే చెప్పు."

"ఎలా చెప్పనక్కా?"

"అది మాత్రం ఆ ఏఐని అడక్కు."