కెర్నల్‌లో ఒక్క లైను

రిపేర్ల షాపు బాబాయ్ టీకొట్టు బెంచీ మీద కూర్చున్నాడంటే గ్లాసులో టీ చల్లారాల్సిందే గానీ ఆయన నోరు ఆగదు. ఆ సాయంత్రం ఎదురుగా టైలర్ ఉన్నాడు. ఆయన డిస్కు రిపేరుకని బాబాయ్ చేతికొచ్చి మూడు వారాలైంది. గొంతు ఆపరేషన్‌తో మాట పోయిన ఆయన భార్య, అంతకుముందు పాడిన పాటలన్నీ అందులోనే ఉన్నాయి. టైలర్ నోరు తెరిచి అడిగేలోపు ఏదో ఒకటి చెప్పాలి, చెబుతూనే ఉండాలి.

“ఆ మధ్యొక యూఎస్‌బీ డిస్కు వచ్చింది. డేటా దాచే గదులు ఉన్నవాటికంటే ఒకటి ఎక్కువ చెప్పుకునే రకం. ఆ లేని గదిలోకి వెళ్లబోయి కంప్యూటర్ బిగుసుకుపోతోంది. ఇంకొకడైతే బయట చిన్న ప్రోగ్రాం రాసి, ఆ ఒక్క డిస్కుకే సరిపెట్టి చేతులు దులుపుకుంటాడు. నేనలా పైపూతలు పూస్తానా? కెర్నల్‌లో, అంటే కంప్యూటర్ గుండెకాయలోనే, ఒక్క లైను రాశాను. ఈ కంపెనీ డిస్కు ఏదొచ్చినా చివరి గదిని నమ్మొద్దని. ఆ తర్వాత ఏమైందో తెలుసా?”

ఏమైందన్నాడు పక్కనే కూర్చున్న ఎలక్ట్రీషియన్, గ్లాసులోంచి తలెత్తకుండా.

“ఊళ్లో ఆ కంపెనీ డిస్కులన్నీ వైరు తగిలించకుండానే బాగుపడ్డాయి. తుక్కు కొట్టు గోనెసంచిలో ఉన్నవి గిర్రున తిరిగితే, సంచి నడుచుకుంటూ నా షాపుకొచ్చింది.”

మెట్లెలా ఎక్కిందని టీకొట్టాయన అడిగాడు.

“రెండేసి ఎక్కింది.”

అందరూ నవ్వారు, టైలర్ తప్ప. ఆయన డిస్కుదీ అదే కంపెనీ. కానీ అది అబద్ధం చెప్పేది కాదు. కొత్త లైను దాని నిజమైన చివరి గదిని కూడా లేదనేసింది. డిస్కు తగిలించగానే, లెక్క కుదరడం లేదు, సరిచేయనా అని స్క్రీను అడిగింది. ముందు కాపీ తీయాలన్న సంగతి మరిచి, గెలిచిన ఊపులో బాబాయ్ సరేనన్నాడు. అంతే, పాటలన్నీ తుడిచిపెట్టుకుపోయాయి. రెండు వారాలు వెతికినా ఒక్క ముక్క దొరకలేదు. ఆ లైను కెర్నల్ బయట రాసుకుని ఉంటే, మొదటి డిస్కు దగ్గరే ఆగిపోయేది.

“అక్కడితో ఆగిందా? సముద్రంలో మునిగిన ఓడలో డిస్కు పనిచేసి, కెప్టెన్ ఫోన్ చేశాడు. చెరిపేసినవి వెనక్కొచ్చాయి. ఇంకా ఎవరూ తియ్యని ఫోటోలు కూడా వచ్చాయి. పోయినదంటూ ఏదీ...”

టైలర్ గ్లాసు కింద పెట్టాడు.

“తమ్ముడూ, సోమవారం నువ్వు లేనప్పుడు షాపుకొచ్చాను. నా డిస్కు మీద చీటీ అంటించి ఉంది. ‘పోయింది, తప్పు నాదే’ అని నీ చేతిరాత. నీ నోటితో చెబుతావేమోనని నాలుగు రోజులుగా వచ్చి కూర్చుంటున్నాను.”

బాబాయ్ తల దించుకున్నాడు.

“మా ఆవిడ రోజూ సైగ చేసి అడుగుతోంది, వచ్చిందా అని. నీలా కల్పించి చెప్పడం నాకు రాదు. నువ్వే వచ్చి చెప్పు.”