దుంకుతె వచ్చిన ఏడో ఎక్కం

హలో… ఆ, నేనే వదినె, ప్రవీణను. జర ఆగు… ఉర్కొచ్చి ఫోనెత్తిన, దమ్మొస్తున్నది.

…వీడియోనా? చూసిన. అండ్ల దుంకుతున్నది మీ అమ్మనే, మా అత్తమ్మ. మా ఇంటెన్క ఖాళీ ప్లాటు.

— ఇజ్జత్ పోయిందా? ఎవలది? అరవై రెండేండ్ల మనిషి ఒంటికాలి మీద ఏడు గళ్లు దుంకింది. నువ్వు దుంకుతవా?

…లే వదినె, నవ్వుతలేను. చెప్పు.

— ఆ, తొక్కుడుబిళ్లనే. గళ్లల్ల ఏడు, పద్నాలుగు, ఇరవై ఒకటి రాసిన. ఏ గడిల కాలు పెడ్తె ఆ అంకె గట్టిగ అనాలె. తప్పితె మళ్ల మొదటికెళ్లి. నేను, మీ అమ్మ, మా బిడ్డ సహస్ర… అందరం.

— ఎరుకే. పోయిన నెల లెక్కల్ల దానికి ఇరవై అయిదుకు మూడే వచ్చినయి. తల్లిని, నాకెరుక లేదా?

…ట్యూషన్‌కు పంపలేదా మరి? ఎనిమిది నెల్లు పంపినం. ఏమొచ్చింది? లెక్కల పుస్తకం తీస్తె కడుపునొప్పి. నాటకం కాదు, నిజం నొప్పి. దవాఖానకు సుత తీస్కపోయినం.

ఊ… ఊ…

— హైదరాబాద్ హాస్టల్ల సీటు మాట్లాడినవ్, ఎరుకే. మా మంచికే మాట్లాడినవ్. కాని తొమ్మిదేండ్ల పిల్ల వదినె. దానికి నొప్పి లేస్తె అక్కడ ఎవలు చూస్తరు?

…ముందుగాల విను. సోమారం సారు ఏడో ఎక్కం అడిగిండు. ఇది బెంచి పక్కకొచ్చి దుంకుకుంట చెప్పింది. పిల్లలంత నవ్విన్రు. సారు బయట నిలవెట్టిండు.

— బడికి పోయిన. పోకుంట ఊకుంటనా? "సారు, ఎక్కం తప్పు చెప్పిందా?" అనడిగిన. "లేదమ్మా, కాని దుంకుతున్నది" అన్నడు. "కాళ్లల్ల ఉన్నది నోట్లెకు రానికి జర టైం పడ్తది సారు, దుంకనియ్యిన్రి" అన్న.

…ఏమంటడు? తెల్లారి బెంచి పక్కన జాగ ఇడిపిచ్చిండు.

— నాకేం తెలుసా?

…

అవును. నాది ఏడో తరగతే. లెక్కల సారు బెత్తానికి భయపడి ఝరాసంగంల బడి ఇడిచిపెట్టిన. గందుకే తెలుసు వదినె! భయపడ్డ పిల్లకు లెక్క ఎక్కది. నాకు ఎక్కలె. నా బిడ్డను గట్ల కానియ్య.

— నిన్న లెక్కల్ల పదకొండొచ్చినయి.

…పదకొండే. నీకు తక్కువనే. కడుపునొప్పి అనకుంట పరీక్షకు పోయింది. పోంగ నాకు చెయ్యి ఊపింది. నాకు గదే వంద.

…ఫోను మీ తమ్మునికి ఇయ్యాల్నా? ఇయ్య. సహస్రతోని చిర్రగోనె ఆడుతున్నడు. డ్యూటీ దిగి సీదా ప్లాటుకే వస్తున్నడు ఈ మధ్య. కర్రతోని కొట్టిన చిర్ర ఎంత దూరం పడ్డదో ఆ కర్రతోనే కొలుస్తున్నరు. "నాన్నా, నలభై ఆరు కాదు, నలభై రెండే! దొంగ లెక్క!" అని ఒర్రుతున్నది. ఇగో, ఫోను అటు పెడ్త…

ఇనవడ్డదా? మీ మేనకోడలే. లెక్క కోసం కొట్లాడుతున్నది.

…

ఆదివారం వస్తవా? రా. మీ అమ్మ ఖుషీ అయితది. పిల్లను తీస్కపోనికైతె మాత్రం రాకు.

…కోపం కాదు వదినె. పంప. మీ తమ్ముడు హాస్టల్‌కు పంపుమన్నా పంప.

— ఆ… ఆలోచించి చెప్పినదే.

ఇగ పెడ్తున్న. పొద్దు కుంకకముందే ఆటల నా వంతు రావాలె.