పోలయ్య నీలిమందు

పోలయ్యని మీరెవరూ చూళ్ళేదు, మా అమ్మమ్మ చూసింది. ఊరి బట్టలన్నీ ఆయన చేతిమీదే తెల్లబడేవంట. అప్పుడు మీ పొడి సబ్బులెక్కడివి తల్లీ! చౌడుమట్టి నీళ్ళల్లో నానేసి, బానలో ఆవిరికి ఉబ్బబెట్టి, తెల్లారి బండకేసి బాదడమే. పట్టుబట్టైతే కుంకుడురసం. బారుసబ్బు ఎప్పుడో తర్వాత వచ్చింది, అదీ దారంతో ముక్కలు కోసుకుని పొదుపుగా వాడేవాళ్ళు. ఉతకడం పోలయ్యది, ఆఖర్న నీలం పెట్టడం మాత్రం ఆయన భార్య సింహాలుది. నీలిమందు గుడ్డలో మూటకట్టి గోలెంలో అలా ఓసారి తిప్పి తీసేదనుకో, అందులో ముంచిన పంచె పచ్చికొబ్బరిలా తేలేది.

ఏమైందంటే, ఆ సింహాలు పోయింది. కర్మలన్నీ అయ్యాక పోలయ్య మళ్ళీ మూటలెత్తాడు, నీలం కూడా తనే పెట్టాడు. అప్పటికే ఆయన కళ్ళకి పొర కమ్మిందంట, ఎవరికీ చెప్పలా. నీళ్ళల్లో నీలం ఎంత దిగిందో కనబడక ఇంకాస్త, ఇంకాస్త అని తిప్పాడు. మొదట మా అమ్మమ్మ అత్తగారు సూరమ్మగారింటికి తెచ్చాడు. ఆవిడ మూట విప్పితే ఏముందీ, పంచెలన్నీ శంఖుపువ్వులు! నోరు తెరవబోయింది. ఈలోగా ఆయన గడప అవతల నుంచుని, "సింహాలు పెట్టినట్టే ఉందాండీ అమ్మగారూ?" అన్నాడంట. ఆవిడకి ఈ పని కాస్తా పోతే ఈ మనిషి దేన్ని పట్టుకుని బతుకుతాడు అనిపించి, "అచ్చం సింహాలు పెట్టినట్టే ఉంది పోలయ్యా" అనేసింది. నిత్యం తులసికి దీపం పెట్టే మనిషి, అబద్ధమాడేసింది! ఆడి ఊరుకుందా, ఇంటింటికీ వెళ్ళి అందరిచేతా అదే మాట అనిపించింది. మూడేళ్ళు ఊరంతా నీలంగానే తిరిగిందంట. పొరుగూరివాళ్ళు "అదుగో, మబ్బులొస్తున్నాయి" అని వెక్కిరించేవాళ్ళు. పడ్డారు.

అలా ఉండగా సూరమ్మగారి మనవరాలి పెళ్ళి. ఐదురోజుల పెళ్ళి కదా, మగపెళ్ళివాళ్ళ బట్టలూ పోలయ్యకే వేశారు. ఈ సంగతి వాళ్ళ చెవిన ఓ ముక్క వెయ్యాలని ఎవరికీ తట్టలేదు, చూడండి! ఉతికొచ్చిన పంచె మడత విప్పి చూసి వియ్యంకుడు లేచాడు. "ఏమయ్యా, నీకు నేనిచ్చింది పంచా, ఆకాశమా? కళ్ళు కనబడవా?" పందిట్లో సన్నాయి కూడా ఆగిపోయింది. పెళ్ళికూతురి తండ్రి తన నీలం పంచె సర్దుకుంటూ ముందుకొచ్చి, "మా ఊళ్ళో తెలుపంటే ఇదేనండీ బావగారూ" అన్నాడు. ఆ మాటతో పోలయ్యకి అంతా తెలిసిపోయింది. "ఎన్నాళ్ళ నించీ అమ్మగారూ?" అని సూరమ్మగారి వైపు తిరిగాడు. "మూడేళ్ళు నాయనా." ఆయన భుజమ్మీది మూట దించేసి, "ఇంక నేను రేవుకెళ్ళనండి" అన్నాడంట. అబద్ధమాడామని కోపమొచ్చిందా అని ఆవిడ అడిగితే, "కోపం కాదమ్మా. నీలం ఎలా ఉందో తెలుసుకుందామని నేనెప్పుడూ అడగలేదు. సింహాలు పేరు ఇంకో మనిషి నోట వినబడుద్దని అడిగాను. ఇంక ఏమని అడగను?" అన్నాడు.

సూరమ్మగారు కళ్ళు తుడుచుకుని, "రేపు నేనూ రేవుకొస్తాను. చేతులు నీవి, కళ్ళు నావి" అంది. అన్నట్టే వెళ్ళింది. మడి కట్టుకునే మనిషి రేవులో కూర్చోడమేంటని ముక్కున వేలేసుకున్నవాళ్ళు వేసుకున్నారు. ఆయన నీలం మూట తిప్పుతుంటే ఆవిడ గోలెంలోకి వంగి చూసి, "చాలు, చాలు, తీసెయ్" అంది. పంచె తేలింది, పచ్చికొబ్బరి!  పోలయ్య చిన్నగా అడిగాడంట, "ఎలా ఉందండీ?" అని. "సింహాలు పెట్టినట్టే ఉంది పోలయ్యా." ఈసారి నిజమే మరి.

అబద్ధమంటే నాకూ భయమేనమ్మా, రోజూ దేవుడి ముందు చెంపలేసుకుంటాను. మా సూరమ్మగారి ఆ మూడేళ్ళ అబద్ధానికి మాత్రం ఇంతవరకూ ఒక్క చెంపైనా వేసుకోలేదు.