కుమ్హారి దాకా వినే చెవి

"ముందు సింహాద్రి అప్పన్నకి ఒక దణ్ణం పెట్టుకోనీండి, తరవాత చెప్తాను" అని గురునాథరావు కళ్ళు మూసుకున్నాడు.

సెక్టార్ ఏడు మార్కెట్లో కోటమ్మ టీ బడ్డీ ముందు ఆయన పాత మారుతి కారు, ఇంజను ఆగకుండానే, నిలబడి ఉంది. వేడి మీద ఆపితే మళ్ళీ పట్టదని ఆయన భయం. బండి దగ్గుతోంది, వణుకుతోంది, వెనక నల్లటి పొగ కక్కుతోంది. బోనెట్ మీద పెట్టుకున్న టీ గ్లాసు గలగలమంటోంది.

రేపు పొద్దున్న పదింటికి దుర్గ్‌లో దానికి ఫిట్‌నెస్ పరీక్ష. పోయిన నెల ఈ పొగ వల్లే తప్పింది. రేపు కూడా తప్పితే తుక్కు కింద ఇచ్చేద్దామని కొడుకు చిట్టిబాబు తేల్చేశాడు. తుక్కు చివరికి ఎక్కడికి పోతుందో గురునాథరావుకి ఎవరూ చెప్పక్కర్లేదు. ముప్ఫై నాలుగేళ్ళు స్టీలు ప్లాంటు కొలిమిలోకి తుక్కు పోయించినవాడు. అందుకే పైడిరాజు "రేపు ఏటి చేస్తావు గురునాథం?" అని అడగ్గానే, ఆ మాట పక్కకి తోసి కథ ఎత్తుకున్నాడు.

"నా బండి సంగతి అలాగుంచండి. నెహ్రూ నగర్లో లక్ష్మీప్రసాద్ గారని కాంట్రాక్టరుండేవారు. మంచి భక్తుడు. ఆయనదీ ఇలాటి కార్బురేటర్ బండే. ఒకనాడు నా దగ్గరకొచ్చి, గురునాథం గారూ, బండి కుంటుతోంది, నలుగురు మెకానిక్కులు చేతులెత్తీసారు, మీరే దిక్కన్నారు. నేను బండి ముట్టుకోలేదు, పొగ చూసాను, అంతే. బాబూ, ఇంజనుకి కావలసినవి మూడే, గాలి, పెట్రోలు, నిప్పు. పొగ నల్లగా ఉందంటే గాలి తక్కువయింది, పెట్రోలు ఎక్కువయింది, అది చిన్నపిల్లాడికైనా తెలుస్తాదన్నాను. ఎయిర్ ఫిల్టరు తీయించాను. దాన్నిండా నందిని గనుల సున్నపురాయి దుమ్ము. దులిపించాను. బండి హాయిగా వెళ్ళిపోయింది. ఇందులో గొప్ప చెప్పుకోడానికి ఏటీ లేదు."

"బాగానే ఉంది" అన్నాడు పైడిరాజు. ప్లాంటులో క్రేను నడిపి రిటైరయినవాడు, తూకం చూసుకుని గానీ మాట వదలడు. "ఇంతవరకూ నమ్మొచ్చు."

నమ్మొచ్చన్న మాట గురునాథరావుకి నచ్చలేదు.

"అక్కడితో అయిపోతే నేనెందుకు చెప్తాను? ఆ తర్వాత ఏమైందో తెలుసా? వారం తిరక్కుండా ఆయనింట్లో సత్యనారాయణ వ్రతం. నన్ను ముందు వరసలో కూర్చోబెట్టారు. బండి డ్రైవరు తీసుకెళ్ళాడు, పదిహేను కిలోమీటర్లవతల కుమ్హారి. పంతులుగారు నాలుగో కథలో ఉన్నారు, నాకు చెవిలో టుక్కుమంది. మళ్ళీ టుక్కుమంది. చేతిలో అక్షింతలు అలాగే పట్టుకుని, లక్ష్మీప్రసాద్ గారూ, మీ బండి కుమ్హారి దాటింది, రెండో సిలిండర్లో ప్లగ్గు తప్పుతోందన్నాను."

"కుమ్హారి నుంచి వినిపించిందా అంకుల్?" అన్నాడు మనోజ్‌కుమార్. ఎదురుగా ఉన్న మొబైల్ షాపు అతనిది. "మధ్యలో హైవే ఉంది, రైలు పట్టాలున్నాయి."

"రైలు వెళ్ళీదాకా ఆగాను కదా బేటా."

మనోజ్ ఇంకో టీ చెప్పాడు.

"బండి వచ్చింది. కార్బురేటర్ విప్పాను. జెట్టని ఒకటుంటాది, సూది మొనంత కన్నం, పెట్రోలంతా అందులోంచే రావాలి. దాన్లో ఇసక రేణువు. అప్పన్నని తల్చుకుని ఒక్కసారి ఊదాను. రేణువు పోయింది, సరే. ఊదిన గాలి అక్కడితో ఆగాలా? పైపు పట్టుకుని వెనక్కెళ్ళి ట్యాంకు మూత ఎగరగొట్టీసింది. మూడోనాడు అయిదారు కిలోమీటర్లవతల పవర్ హౌస్ దగ్గర దొరికింది."

"ఎవరికి?" అన్నాడు పైడిరాజు.

"దొరికినవాడికి. విను. బండి స్టార్ట్ చేసి, ఇంజను మీద రూపాయి బిళ్ళ అంచు మీద నిలబెట్టాను. పడలేదు. దాని మీద ఇంకో బిళ్ళ. దాని మీద పంతులుగారి హారతి పళ్ళెం, వెలుగుతున్నది. ఇంజను నడుస్తోంది, కర్పూరం వెలుగు కదల్లేదు. ఆడవాళ్ళందరూ అక్కడే కళ్ళకద్దుకున్నారు."

"నిజవేనా అన్నయ్యా?" అంది కోటమ్మ, స్టవ్వు పంపు కొడుతూ.

"ఇంకా వినమ్మా. చప్పుడు బొత్తిగా లేదు కదా, లక్ష్మీప్రసాద్ గారు బండి ఆగిందనుకుని దార్లో దిగిపోయారు. బండి పోతోంది. ఆయన పక్కనే నడుచుకుంటూ దుర్గ్ దాకా వెళ్ళారు. అక్కణ్ణుంచి రాయపూర్ వెళ్ళొచ్చారు. అప్పుడు ట్యాంకు చూస్తే ఏటయిందో తెలుసా? అయిదు లీటర్లతో వెళ్ళిన బండి ఏడు లీటర్లతో వచ్చింది."

"ఆ రెండు లీటర్లు ఎక్కణ్ణుంచి వచ్చాయి?"

"నేనూ అప్పన్నని అదే అడిగాను పైడిరాజూ. భక్తుడి బండి కదా, లెక్కలడక్కన్నాడు."

అప్పుడే మారుతి ఒక్క కుదుపు కుదిపింది. బోనెట్ మీది గ్లాసు జారి కింద పడి పగిలింది. మనోజ్ నవ్వబోయి, ఆయన మొహం చూసి ఆగాడు. గురునాథరావు వంగి పెంకులు ఏరుతున్నాడు.

కోటమ్మ స్టవ్వు మంట తగ్గించింది. "అన్నయ్యా, ఒక మాటడుగుతాను, కోప్పడకు. నల్లపొగంటే గాలి తక్కువని నువ్వే అన్నావు. నా స్టవ్వూ అంతే, గాలి దారికి మసి పడితే గిన్నెలన్నీ మాడ్చీస్తాది. మరి నీ బండికి గాలెవరు ఆపుతున్నారు?"

"ఫిల్టరు మార్చాను. ప్లగ్గులు మార్చాను. కార్బురేటర్ రెండుసార్లు కడిగించాను." ఆయన ఇంకో పెంకు ఏరాడు. "పొద్దున్న చల్లగా ఉన్నప్పుడు బాగానే ఉంటాది చెల్లీ. వేడెక్కాకే ఈ రోగం. మీ వదినకి ఈ బండి వెనక సీట్లో తప్ప ఇంకెక్కడ కూర్చున్నా నడుం నిలవదు. నాకు తెలిసిందంతా చేసాను."

"మంగళవారం వరలక్ష్మొదిన వెనక నడుం వాల్చి, నన్ను ముందు కూర్చోబెట్టింది కదా గుడికెళ్ళినప్పుడు. గతుకు పడ్డప్పుడల్లా నా మోకాలికి కొబ్బరికాయ తగిలింది. ఎర్రగుడ్డలో కట్టి ఒక నల్ల పిడికి వేలాడదీసావు. ఆ పిడి బయటికి సాగి ఉంది. అది ఏటి పిడన్నయ్యా?"

గురునాథరావు బండి కిటికీలోంచి లోపలికి చూశాడు.

"చోక్" అన్నాడు పైడిరాజు మెల్లిగా. "చలికి ఇంజను పట్టకపోతే, గాలి తగ్గించడానికి లాగుతారు. వేడెక్కాక లోపలికి తోసీయాలి."

"రోజూ తోస్తూనే ఉన్నాను" అన్నాడు గురునాథరావు.

"నువ్వు తోస్తావు, గతుక్కి కాయ లాగుతాది" అంది కోటమ్మ. "ఎప్పుడు కట్టావు?"

"పోయిన నెల, పరీక్ష ముందు రోజు. బండి నెగ్గితే సింహాచలం వెళ్ళి కొడతానని మొక్కుకున్నాను."

"పొగెప్పుడు మొదలయింది?"

ఆయన చేతిలో పెంకుల వంక చూసుకున్నాడు. "ఆ మర్నాడు."

గురునాథరావు పెంకులు పక్కన పడేశాడు. ఆయన వెళ్ళి తలుపు తీసి, లోపలికి వంగి, ముడి విప్పి, పిడిని బొటనవేలితో లోపలికి నొక్కాడు. ఇంజను రెండుసార్లు దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆ తర్వాత దగ్గలేదు. వెనక పొగ నల్లన పోయి బూడిదరంగయి, అదీ పోయింది. కోటమ్మ కొత్త గ్లాసు నిండా టీ పోసి బోనెట్ మీద పెట్టింది. అంచున టీ సన్నగా వణికింది గానీ ఒలకలేదు.

గురునాథరావు కొబ్బరికాయని రెండు చేతుల్లో పట్టుకొచ్చి బల్ల మీద కూర్చుని ఒళ్ళో పెట్టుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

"అప్పన్న తప్పేం లేదన్నయ్యా, కట్టిన చోటే తప్పు" అంది కోటమ్మ. "రేపు డిక్కీలో పెట్టుకుని వెళ్ళు."

పైడిరాజు ఇంక ఆగలేకపోయాడు. "కుమ్హారిలో ప్లగ్గు తప్పితే నెహ్రూ నగర్లో విన్న చెవి కదా నీది. నెలరోజులు నీ పక్కనే కాయ కొట్టుకుంటుంటే వినపడలేదేటి గురునాథం?"

"వినపడిందిరా" అన్నాడు గురునాథరావు, కాయ మీది పీచు నిమురుతూ. "గతుకు గతుక్కీ టక్కు టక్కుమనీది. అప్పన్న సరే సరే అంటున్నాడనుకున్నాను."