వాపు దిగేదాక

ఇబ్రహీంపట్నం, పోలీస్ చర్య జరిగిన మరుసటి ఏడు. చిన్న దవాఖానలో మంచం మీద ముఖమంతా ఉబ్బిపోయిన ఒక మనిషి. అతన్ని గుర్తుపట్టడానికి పిలిపించిన బుగ్గమ్మ, పక్కన నర్సు సుసన్న. తలుపు బయట జవాను.

“నీ కొడుకు కమ్యూనిస్టుల సంగంల ఉన్నడని నిన్ను పిలిపిచ్చిన్రు. ఈడు నీ కొడుకు కాదని జమాదారుకు జెప్పినవ్. అయిపాయె. ఇగ ఇంటికి వో బుగ్గమ్మా.”

“పోత నర్సమ్మా. పోతనే ఉన్న. జర కాళ్లు గుంజుతున్నయి. కూసుంటె ఏమన్న అంటడా ఆ జవాను?”

“కూసో. పొయ్యి కాడికి మాత్రం రాకు, సూది మరుగుతున్నది.”

“సూది ఎవలికి?”

“ఇంకెవలికి, ఈనికే. గుట్టల దాసుకుంటె కందిరీగలు ముసిరినయట. కండ్లు మూసుకపోయినయి. గొంతు సుత ఉబ్బుతున్నది. ఆ పిల్లికూతలు ఇనవడ్తలేవా?”

“కందిరీగలకే? మమ్ముల నెలకోపారి కుడ్తయి. పసుపు రాస్తె తగ్గుతది.”

“అందరికి తగ్గది. మన ఒంట్లనే హిస్టమిన్ అని ఒకటుంటది. విషం సొచ్చిందంటె అది బయటికొచ్చి లొల్లి జేస్తది. నెత్తురు నరాలు వదులై నీరూరుతది, వాపొస్తది, దురద వెడ్తది. గది మంచికే. కని కొందరికి ఆపు లేకుంట రేగుతది. వాళ్లు కందిరీగ విషంతోని గాదు, ఈ లొల్లితోనే సస్తరు.”

“ఎలుక సొచ్చిందని ఇంటికి అగ్గివెట్టినట్టు.”

“అవ్, గదే. ఇంతకుముందు ఒకపారి కుట్టి ఉంటె ఇంక జోరుగ రేగుతది. ఈని సంగతి చెప్పేటోళ్లు లేరాయె.”

“కుట్టినయేమో.”

“నీకెట్లెరుక?”

“నాకేమెరుక? మా వాడకట్టుల ఒక పోరనికి గట్లనే అయింది. సీతాఫలాలకు వోయి కుట్టిచ్చుకున్నడు. ఒళ్లంత దద్దుర్లు. ఆని తల్లి తెల్లందాక ఇసురుకుంట కూసున్నది. యాదికొచ్చి అన్న.”

“ఆ పోరడు ఇప్పుడేడున్నడు?”

“సూది ఉడికినట్టున్నది, సూడు.”

“ఇంక జరసేపు.”

“ఏస్తె ఏమైతది?”

“ఊపిరాడ్తది. వాపు దిగుతది.”

“మొకం వాపు సుతనా?”

“అవ్. మొకం తేటవడుతదనే జమాదారు సూస్తుండు. పటేలుకు కబురువెట్టిండు, ఎవలో గుర్తువడుతడని.”

“అయితె ఎయ్యకు.”

“ఏందే?”

“ఎయ్యకంటున్న. సంగపోడని తేలితె గుట్టలకు తోల్కవోయి కాలుస్తరు. తోల్కవోయినోళ్లల ఒక్కడన్న తిరిగి వచ్చిండా?”

“ఎయ్యకుంటె ఈడనే సస్తడు, నీ కండ్ల ముంగట. తెల్వనోని మీద నీకింత ఫికరెందుకు?”

“ఎవలో కన్న బిడ్డనే గద.”

“సూడు బుగ్గమ్మా. నువ్వు నాకేం జెప్పకు. జమాదారు అడిగితె నేను ఉన్నదే చెప్త, నాకు నౌకరి గావాలె. చెయ్యి ఇడువు. చెయ్యి ఇడువు, పెదువులు నీలమైతున్నయి.”

“ఒక్క మాట. ఒక్కటే మాట నర్సమ్మా. గొంతు వాపు దింపి, మొకం వాపు గట్లనే ఉంచరాదా?”

“మందుకు గవన్ని ఎరుకుంటయా? కని… గొంతే ముందుగాల తెర్సుకుంటది. మొకం పురాగ దిగాల్నంటె రేపు పొద్దుగూకుతది.”

“రేపటిదాంక ఈడనే ఉంచుతరా?”

“ఉంచరు. మోటరొస్తున్నది. ఎవలో తేలకుంటె పట్నం పెద్ద దవాఖానకు తోల్తరు.”

“పటేలు?”

“మంచాల ఊరికి వోయిండట. ఎప్పుడొస్తడో.”

“పట్నంల ఈన్ని ఎరిగినోళ్లు ఉండరు.”

“ఉండరు.”

“అయితె ఎయ్యి. ఎయ్యి తల్లీ, జల్ది ఎయ్యి. ఏమాయె, ఇంక సూస్తున్నవ్?”

“నువ్వు జరిగితె గద ఏసేది! జరుగు… ఏసిన. రొమ్ము మీద చెయ్యివెట్టి సూడు, ఆడుతున్నదా?”

“ఆడుతలేదు… లేదు నర్సమ్మా… ఆఁ, ఆడుతున్నది. ఆడుతున్నది. పిల్లికూతలు తగ్గినయి.”

“అ… అవ్వా…”

“ఓ నర్సమ్మా, లోపల ఏంది? అవ్వా అంటున్నడు? ఏయ్ ముసల్దానా, నీ కొడుకు కాదంటివి గద?”

“నాకు… నాకెరుకలేదు జవాను సారూ.”

“మరి ఎవల్ని పిలుస్తుండు?”

“నన్నే పిలిచిండు అన్నా. ఓ బిడ్డా, ఈడనే ఉన్న.”

“నిన్నెందుకు పిలుస్తడు?”

“సూది వొడిస్తె ముసలోళ్లు సుత నన్ను అవ్వా అంటరు. రేపు ఈ మంచంల వండితె నువ్వూ అంటవ్. తలుపు దగ్గరికెయ్యి, ఈనికి సలి వెడ్తున్నది.”

“సరె, సరె. మోటరొచ్చేదాంక ముసల్దాన్ని ముట్టనియ్యకు.”

“ముట్టనియ్య. …తలుపేసిండు బుగ్గమ్మా. ఏడువకు. సప్పుడు జెయ్యకు.”

“అవ్వా… ఓ అవ్వా…”

“ఇంకోపారి పలుకు నర్సమ్మా. ఒక్కపారి పలికితె ఊకోడు ఈడు, చిన్నప్పటి సంది గంతే.”