మంట తగిలే చోట మాటు

ఆగాగు, ఆ అగ్గిపెట్టె కింద పెట్టు తల్లీ. పెట్టు ముందు. పెట్టె విప్పి పది నిమిషాలు కాలేదు, అప్పుడే అంటించేద్దామనే! మీ తాత ఉండుంటేనా... ఏమీ అనేవాడు కాదులే, అదే ఆయనతో వచ్చిన చిక్కు. తిట్టేవాడైతే ఎంత బాగుండేది. మీ అమ్మమ్మకి తమ్ముణ్ణి, పాతికేళ్లు చూశాను మా బావని, ఒక్కసారి గొంతు పెంచగా వినలేదు. ఏదీ, ఆ రైలింజను ఇలా ఇవ్వు. అబ్బో, బరువేం తగ్గలేదు. మూరెడు లేదు గానీ ఎత్తితే చంటిపిల్లని ఎత్తినట్టే ఉంటుంది. బొమ్మ అనకు దీన్ని. పక్కింటి వడ్రంగి ఒకసారి గోడ మీంచి తొంగిచూసి "ఏమండీ, బొమ్మ రైలు ఎంతవరకొచ్చింది?" అన్నాడు. మా బావ ఆకురాయి కింద పెట్టాడు, కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు, "నీళ్లు పోస్తే మరుగుతాయి, ఆవిరొస్తుంది, ఆ ఆవిరికి చక్రం తిరుగుతుంది. బొమ్మ అంటే ఎలాగయ్యా?" అన్నాడు. ఆయన నోట్లోంచి అంత మాట రావడమే గొప్ప. పాపం వడ్రంగి సిగ్గుపడి, పట్టాల కిందకి పలకలు తనే కోసిచ్చాడు. గుండ్రంగా కోయమంటే కోడిగుడ్డులా కోశాడనుకో, అది వేరే సంగతి.

ఏం చెప్తున్నాను? ఆ, అంటించడం. ముందు నీళ్లు, తర్వాత నూనె, ఆఖర్న నిప్పు. ఈ వరస తప్పితే బాయిలరు పోయినట్టే. కానీ ఇన్నేళ్లు పెట్టెలో పడున్నదానికి అదీ చాలదు. ముందు చన్నీళ్ల పరీక్ష. బాయిలరు నిండా, గాలి బుడగన్నది లేకుండా నీళ్లు నింపి, అదిగో ఆ చేతి పంపుతో ఇంకా ఇంకా కొట్టాలి, మామూలుగా నడిచే ఒత్తిడికి రెట్టింపు దాకా. కొట్టి వదిలేసి ఆ ఒత్తిడి చూపే ముల్లు చూస్తూ కూర్చోవాలి, పావుగంట. ఎందుకంటావేమిటి? చన్నీళ్లతో అతుకు ఊడితే చుక్క కారుతుంది, అంతే. అదే ఆవిరితో ఊడిందా... చెప్తాను, ఆ సంగతే చెప్తాను.

మీ తాతది లేతు పని, పంపులు బాగుచేసే షెడ్డులో. షిఫ్టు అయ్యాక యజమానిని అడిగి ఒక గంట లేతు వాడుకునేవాడు. ఈ చక్రాలన్నీ అలా లేతు మీద చెక్కినవే. ఏడేళ్లు పట్టింది. మొదటి ఏడాదంతా రైలే కాదు, ఒక్క సిలిండరుతో చెక్కకి బిగించిన చిన్న ఇంజను చేశాడు, ఉన్నచోటే గిర్రున తిరిగేది. నేనేమో "ఇదేంటి బావా, ఎక్కడికీ పోదే!" అని ఎకసెక్కం. "పోయేది చేయాలంటే ముందు పోనిది చేయాలి బావమరిదీ" అనేవాడు. నీకూ అదే చెప్పేవాడు, రాసి పెట్టుకో. నాదా? నాది మాట్లు వేసే పని, కారే గిన్నెలు, డబ్బాలు, కిరసనాయిలు పొయ్యిలు. సీసం టంకంతో నేను మాటు వేస్తే మళ్లీ కారిందన్నవాడు లేడు ఈ వీధిలో. ఆ పొగరే కొంప ముంచింది.

అప్పటికే అక్కకి చూపు తగ్గుతోంది. పక్కలు కనపడవు, ఎదురుగా ఉన్నది మాత్రం గొట్టంలోంచి చూసినట్టు ఇంత. కంటి డాక్టరు బావని బయటికి పిలిచి, ఈ చూపు చలికాలం దాటదండీ అన్నాడు. బావ ఆ మాట నాకు చెప్పాడు, అక్కకి చెప్పలేదు. అక్కకి తెలియకపోతేగా! బియ్యం చేత్తో తడిమి ఏరుతూ ఒకరోజు నన్ను అడిగింది, "ఒరేయ్, ఏడేళ్లుగా ఆ చప్పుళ్లు వింటున్నాను, అది తిరగడం నేను చూస్తానంటావా?" అని. నీకేమే, చూస్తావు, అన్నాను.

ఆ వారమే బాయిలరు పరీక్ష. ముల్లు నిలబడలేదు. మెల్లగా, మెల్లగా దిగిపోతోంది. చూస్తే, లోపల మంట తగిలే చోట గొట్టం అతుకు దగ్గర చెమట పట్టినట్టు ఒక్క చుక్క. "ఒక్క చుక్కే కదా బావా, అంటించెయ్" అన్నాను. "ఊడదీసి మళ్లీ వెండి టంకం వేయాలి" అన్నాడు. ఎన్నాళ్లంటే, మూడు నెలలన్నాడు. మూడు నెలలు! చలికాలం కాస్తా దాటిపోతుంది. ఒళ్లు మండిపోయింది నాకు. పెళ్లాం కళ్లకన్నా చుక్క ఎక్కువైందా ఈయనకి అనుకున్నాను. మొహం మీద అనలేదులే.

మర్నాడు మధ్యాహ్నం ఆయన షెడ్డుకి పోగానే నా సామాను పట్టుకొచ్చాను. అవునే, నేనే. సన్న కడ్డీ కాల్చి, సీసం పెట్టి, ఆ అతుకు మీద మాటు వేశాను. నున్నగా, బ్రహ్మాండంగా కుదిరింది. పైకి కనపడకుండా మసి రాశాను. అద్దం లోపలికి పెట్టి చూస్తే తప్ప ఎవరికీ తెలీదు. అక్క వసారాలోంచి "ఏం చేస్తున్నావురా, వాసనొస్తోంది?" అంటే, పొయ్యి బాగుచేస్తున్నానే అన్నాను. మాట్లు వేసేవాణ్ణి కదా, చన్నీళ్లకి ఆగిందా లేదా అనే చూశాను. అక్కడ తగిలేది మంటన్న ఇంగితం లేకపోయింది. సీసం ఎంత వేడికి కరుగుతుందో నాకన్నా ఎవరికి తెలుసు చెప్పు?

సాయంత్రం బావ మళ్లీ పంపు కొట్టాడు. ముల్లు నిలబడింది. పావుగంట కాదు, అరగంట చూశాడు. "నిన్న చెమర్చిందే?" అన్నాడు. "చిలుము పట్టి మూసుకుపోయిందేమో బావా" అన్నాను. ఎలా వచ్చిందో ఆ అబద్ధం అంత తడుముకోకుండా. ప్రతిదానికీ అద్దం పెట్టి చూసే మనిషి, ఆ రోజు చూడలేదు. అక్క వంక చూశాడు, అంతే.

ఆదివారం పొద్దున, పెరట్లో. నీళ్లు, నూనె, స్పిరిటు దీపం. ముల్లు లేచింది. మీట తిప్పితే ముందు బుస్సుమని వేడినీళ్లు కక్కింది, సిలిండర్లు చల్లగా ఉంటాయిగా, భయపడకు, నీకూ కక్కుతుంది. బావ వేలితో ముందుకీ వెనక్కీ నాలుగుసార్లు నెట్టాడు. ఐదోసారి దానంతటది కదిలింది! వడ్రంగి గోడ మీంచి ఈల వేశాడు. అక్క మోకాళ్ల మీద కూర్చుని, ఆ గొట్టంలోంచి చూసే చూపుకి అందాలని మొహం పట్టాల దగ్గరికి పెట్టేసింది. ఒక చుట్టు తిరిగింది. "వస్తోంది... వస్తోంది... అయ్యో, పోయింది! మళ్లీ వస్తోంది!" చిన్నప్పుడు కూడా అలా నవ్వలేదు మా అక్క. రెండో చుట్టులో రైలు అక్క మొహం ముందుకి వచ్చేసరికి మాటు కరిగింది.

బావకి ఏ చప్పుడు వినిపించిందో మరి. చెయ్యి అడ్డం పెట్టాడు. ఆవిరి, మరిగే నీళ్లు, మొత్తం ఆ అరచేతి మీదే. అక్కకి చుక్క తగల్లేదు. నీకు గుర్తుందా, మీ తాత కుడిచెయ్యి పిడికిలి పూర్తిగా ముడుచుకునేది కాదు? నువ్వు చిన్నపిల్లవిలే. లేతు పని వదిలేసి, షెడ్డులో సామాను లెక్క చూసే పనికి మారాడు. బాయిలరు మళ్లీ చేశాడు, ఎడమచేత్తో, రెండేళ్లు. ఆ తర్వాత ప్రతి ఆదివారం నడిచింది ఇది. అక్క కుర్చీలో కూర్చుని వినేది. చూడ్డం ఆ ఒకటిన్నర చుట్టే.

నేను చెప్పలేదు. ఆయనా అడగలేదు. కానీ ఆ మర్నాడు నా సామాన్ల పెట్టె తెరిస్తే ఒక కాగితం పొట్లం ఉంది. విప్పితే సీసం చుక్కలు, ఏరి ఏరి పెట్టాడు. కట్టుకట్టిన చేత్తో ఎలా ఏరాడో. తెలిసిపోయిందన్నమాట. నాకు ఇప్పటికీ తేలదే తల్లీ. నేనా మాటు వేయకపోతే ఆయన చెయ్యి బాగుండేది. వేయకపోతే అక్క చూసేది కాదు. ఏది తప్పనుకోను?

ఏమిటది? పెట్టె అడుగునా? ఆయన పుస్తకమే, కొలతలు రాసుకునేవాడు. నా కళ్లజోడు లోపలుంది, నువ్వే చదువు. ఎడమచేతి రాతా? అయితే ఆ రోజుల్లోదే. చదువు... ఊఁ... "అతుకు ఊడింది. అద్దం పెట్టి చూడలేదు. తప్పు నాదే." అంతేనా? ఇంకో ముక్క ఉందా?

"ఆవిడ చూసింది."

...

ఆ పంపు ఇటివ్వు. గాలి బుడగ ఉండకూడదు, చెప్పానా? నీళ్లు పొయ్. మెల్లగా. అద్దం కూడా తీసుకురా.